నిద్ర పట్టకపోతే లేచి కూర్చోండి

ఇక్కడ రాస్తున్న సలహాలు ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపిస్తే సగం వినకముందే కోప్పడతారు. నిద్ర పట్టకపోతే మంచం దిగమంటాను. దిగులు పడటానికి రోజూ ఒక టైము పెట్టుకోమంటాను. భయపడి అడిగేవాళ్లకు పదేపదే ‘ఏం కాదులే’ అని చెప్పొద్దంటాను. గుండె దడ అంటే హడలిపోయే మనిషిని కావాలని మెట్లెక్కి దడ తెప్పించుకోమంటాను. తలతిక్క సలహాల్లాగే ఉంటాయి. కానీ ఆందోళనతో వచ్చినవాళ్ల చేత మానసిక వైద్యులు, కౌన్సెలర్లు దశాబ్దాలుగా చేయిస్తున్నవి, ఎక్కువమందికి పనికొస్తున్నవి ఇవే. మనం ప్రేమకొద్దీ ఒకరికొకరం చెప్పుకునే ధైర్యాలే చాలాసార్లు ఆ భయానికి ఆజ్యం పోస్తున్నాయి. నాకు బాధ కలిగించేది ఆ ప్రేమ వృథా కావడమే. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఆలోచనల్ని ఆపకండి

‘ఎక్కువ ఆలోచించకు’ అని చెప్పని ఇల్లు తెలుగునాట లేదు. చెప్పేవాళ్లకు అది చాలా తేలిక. వినేవాళ్లకు మాత్రం ఆ క్షణం నుంచి రెండు పనులు మొదలవుతాయి. ఒకటి ఆలోచన, రెండోది ఆ ఆలోచన మీద కాపలా.

మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దని వైద్యుడు చెప్పాడట. అంతవరకూ ఎన్నడూ గుర్తురాని కోతి ఆ రోజు నుంచి రోగి గ్లాసు ఎత్తినప్పుడల్లా కళ్ల ముందు కూర్చుందట. మనందరికీ తెలిసిన కథే. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మన కథ ఆయనకు తెలుసో లేదో గానీ, దాదాపు దాన్నే ప్రయోగంగా చేశాడు. విద్యార్థులను కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దన్నాడు, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. అసలు సంగతి ఆ తర్వాత తేలింది. ఇక ఎంతసేపైనా తలుచుకోవచ్చని వదిలేశాక, మొదటి నుంచీ తలుచుకున్నవాళ్లకన్నా కాసేపు బలవంతాన ఆపుకున్నవాళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. ఆలోచన రాలేదు కదా అని చూసుకోవాలంటే మనసులో ఏదో ఒక మూల ఆ ఆలోచనను పట్టుకునే ఉండాలి. ఆపే ప్రయత్నంలోనే అది బతుకుతుంది.

రాత్రి మూడింటికి ఇది ఎలా నడుస్తుందో చూడండి. కూతురు బెంగళూరులో ఉంది. పదకొండింటికి పెట్టిన మెసేజికి ఒక్క టిక్కే ఉంది. ఛార్జింగ్ అయిపోయిందేమో. మరి క్యాబ్ ఎక్కానంది కదా. ఆ క్యాబ్ నంబరు అడిగితే బావుండేది. ఇప్పుడు హాస్టల్ వార్డెనుకి ఫోన్ చేస్తే ఏమనుకుంటుంది? చేయకపోతే, తెల్లారాక ఏదైనా తెలిస్తే? ఒక్కో ‘ఒకవేళ’కూ జవాబు వెతుకుతుంటే ఆ జవాబులోంచి ఇంకో ‘ఒకవేళ’ పుడుతుంది. ఏదో సమస్యను తేలుస్తున్నామనే అనిపిస్తుంది గానీ తేలేదేమీ ఉండదు. తెల్లవారి ఏడింటికి ‘గుడ్ మార్నింగ్ అమ్మా, ఫోన్ ఆఫ్ అయింది’ అని మెసేజి వస్తుంది. తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ రాత్రంతా తాను మేలుకుని కాపలా కాయడం వల్లే అంతా క్షేమంగా జరిగిందని లోలోపల ఎక్కడో నమ్ముతుంది కూడా. మర్నాటి రాత్రికి ఆ నమ్మకమే పెట్టుబడి.

అలాంటప్పుడు ఆలోచనతో వాదించొద్దు, తరమొద్దు, దాని ప్రశ్నకు జవాబూ ఇవ్వొద్దు. ‘ఇదిగో, మళ్లీ దిగులు మొదలైంది’ అని లోపల ఒక్క మాట అనుకుని, చేతిలో ఉన్న పనికి తిరిగి రండి. అర నిమిషంలో మళ్లీ వస్తుంది. మళ్లీ అదే మాట అనుకోండి. వందసార్లు వస్తే వందసార్లూ అంతే. ఆలోచన పోవాలని చేస్తే ఇదీ ఆపడమే అవుతుంది. అది ఉన్నా మన పని మనం చేసుకోగలమని ఒంటికి తెలియడం కోసం మాత్రమే చేయాలి.

ఒక్క విషయంలో ఇది కూడదు. చచ్చిపోవాలనిపిస్తోందన్న ఆలోచనను ఇలా పక్కన పెట్టుకుని కూర్చోకూడదు. ఆ మాట ఆ పూటే ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పాలి. ఇంట్లో చెప్పలేకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఇది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

దిగులుకు టైము ఇవ్వండి

దిగులుకు అపాయింట్‌మెంట్ ఇమ్మంటే నవ్వొస్తుంది గానీ, థామస్ బోర్కోవెక్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు 1983లోనే దీన్ని పరీక్షించి చూశారు. రోజంతా ఎక్కడపడితే అక్కడ దిగులు పడేవాళ్లను రోజూ ఒకే చోట, ఒకే టైములో అరగంట మాత్రమే దిగులు పడమన్నారు. మిగతా రోజులో వచ్చినదాన్ని ఆ టైముకు వాయిదా వేయమన్నారు. అలా చేసినవాళ్లకు మొత్తం మీద దిగులు తగ్గింది.

మన ఇళ్లలో దీనికి సాయంత్రం ఆరు, ఏడు మధ్య బావుంటుంది. పడుకునే ముందు వద్దు, పడక మీద అసలే వద్దు. వంటింట్లో స్టూలు, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ, ఏదైనా సరే, రోజూ అదే ఉండాలి. ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. పగలు దిగులు వచ్చినప్పుడల్లా అందులో ఒక్క లైను రాసి, ‘ఆరున్నరకు చూద్దాం’ అనుకోండి. ఆ పుస్తకంలో పేజీ ఇలా ఉంటుంది:

చిన్నాడి ఫీజు మూడో విడత. నాన్న క్రియాటినిన్ రిపోర్టు. మేనేజర్ ‘ఓకే’ అని మాత్రమే పెట్టాడు, ఎందుకు? సిలిండర్ కట్టేశానా? వదిన నిన్న సరిగ్గా మాట్లాడలేదు. ఎడమ చెయ్యి లాగుతోంది.

ఆరున్నరకు కూర్చుని అన్నీ వరసగా చదవండి. పొద్దున గుండెను పిండేసిన సిలిండరు సంగతి సాయంత్రానికి చప్పబడి ఉంటుంది. దాన్ని కొట్టేయండి. మిగిలినవాటిలో రేపు చేయగలిగిన పని ఏదైనా ఉంటే దాని పక్కన పని మాత్రం రాయండి. ఫీజు దగ్గర ‘రేపు పదింటికి ఆఫీసులో గడువు అడగాలి’, రిపోర్టు దగ్గర ‘శనివారం డాక్టరుకి చూపించాలి’. వదిన మాట దగ్గర రాయడానికి ఏమీ ఉండదు. అక్కడ ఆగి, ఆ దిగులును కావాలని, మనస్ఫూర్తిగా పడండి. ఎంత ఘోరంగా ఊహించుకోగలరో అంతా ఊహించుకోండి. చాలామందికి పది నిమిషాలు దాటేసరికి కొత్తగా ఊహించడానికి ఏమీ దొరకదు, విసుగొస్తుంది. ఆ విసుగు కోసమే ఇదంతా. టైము అయిపోగానే పుస్తకం మూసి లేవండి, పని మిగిలినా సరే.

మొదటి నాలుగైదు రోజులు వాయిదా వేయడం కుదరదు, పగలంతా రాస్తూనే ఉంటారు. అలాగే రాయండి. దిగులు ఒక కాగితం మీద భద్రంగా ఉందని నమ్మకం కుదిరాకే మనసు దాన్ని వదులుతుంది.

ధైర్యం చెప్పకండి

ఇది ఇంటివాళ్లకు. ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా పట్టుబట్టి చెప్పదలచుకున్నది ఇదే.

ఖమ్మంలో తల్లి, డాలస్‌లో కొడుకు. వాడు ఆఫీసుకు చేరగానే మెసేజి పెట్టాలి. మొదట్లో అంతే. కొన్నాళ్లకు బయల్దేరేటప్పుడూ పెట్టాలి. ఆ తర్వాత తిరిగొచ్చేటప్పుడు. మంచు పడే రోజున గంటగంటకూ. కొడుకు మంచివాడు, విసుక్కోకుండా అన్నీ పెడతాడు. ‘చేరానమ్మా’ అని మెసేజి చూడగానే ఆమె ఒళ్లంతా తేలికపడుతుంది. ఆ తేలికే చిక్కు. భయం, అడగడం, జవాబు, హాయి. ఈ నాలుగూ ఒకదాని వెంట ఒకటి ఎన్నిసార్లు తిరిగితే మెదడు అంత బాగా నేర్చుకుంటుంది, జవాబు వచ్చేదాకా ప్రమాదం ఉన్నట్టేనని. అడిగిన ప్రతిసారీ హాయి నిలిచే సేపు తగ్గుతుంది. ఆరు నెలలకు ఆమె భయం తగ్గకపోగా మూడింతలవుతుంది, వాడేమో డ్రైవింగులో ఫోన్ చూసుకునే స్థితికి వస్తాడు.

భార్యాభర్తల మధ్యా ఇదే. ‘నాకేం కాదు కదండీ?’ అంటే ‘ఏం కాదు, రిపోర్టులన్నీ నార్మలే కదా’ అంటాడు. పావుగంటకు మళ్లీ అదే ప్రశ్న. ఇలా ఇరవైసార్లు అయ్యాక విసుగొచ్చి ‘నీకు పిచ్చి పట్టింది’ అనేస్తాడు. మొదటి జవాబూ సాయపడలేదు, చివరిది మాత్రం ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది.

మరేం చేయాలి? చెప్పాపెట్టకుండా జవాబులు మానేస్తే అది క్రూరత్వం. ఇద్దరూ మామూలుగా ఉన్న ఒక పూట కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. ఒక్కో కొత్త విషయానికి ఒక్కసారి మాత్రం జవాబు, రెండోసారి ఉండదు, అని ఇద్దరూ ఒప్పుకోవాలి. రెండోసారి అడిగినప్పుడు ఆమె భుజం మీద చెయ్యేసి, ‘మళ్లీ ఆ భయమే వచ్చిందా? కష్టంగా ఉంటుందని తెలుసు. ఇక్కడే ఉంటాను. జవాబు మాత్రం చెప్పను, అనుకున్నాం కదా’ అనాలి. ఖమ్మం తల్లికి కొడుకు ‘అమ్మా, రోజూ రాత్రి నీకు ఎనిమిదింటికి తప్పకుండా వీడియో కాల్ చేస్తాను, మధ్యలో మెసేజిలు మాత్రం పెట్టను’ అనాలి. ఆమె మొదటి రోజు ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి మెసేజి పెట్టేస్తే ఇంకా గట్టిగా ఏడిస్తే పెడతాడని తేలుతుంది. ఇది మొండితనమని కొందరు అంటారు. తల్లి మీద ప్రేమ ఉన్న కొడుకే ఇది చేయగలడని నేనంటాను.

అడిగే మనిషి దొరక్కపోతే యంత్రాలున్నాయి. 2021లో కరోనా రెండో దశలో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటర్లు ఇంకా కొందరి దిండు కింద ఉన్నాయి. బీపీ మిషను రోజుకు ఎనిమిదిసార్లు కట్టుకునేవాళ్లున్నారు. కట్టుకునేటప్పుడు భయపడితే రీడింగు పెరుగుతుంది, పెరిగిందని మళ్లీ కట్టుకుంటారు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే చూడండి, మిగతా టైములో మిషను బీరువా పైన, చేతికి అందని చోట ఉండాలి. అర్ధరాత్రి గూగుల్లో లక్షణాలు వెతకడం కూడా అడగడమే. అక్కడ మొదటి పేజీలోనే తలనొప్పి మెదడులో గడ్డ దాకా వెళ్తుంది.

గట్టిగా ఊపిరి పీల్చకండి

ఉన్నట్టుండి గుండె దడదడ, ఊపిరాడకపోవడం, చేతులు తిమ్మిరి, పెదాలు మొద్దుబారడం, కళ్లు తిరగడం, పోతానేమోనన్న భయం. దీన్ని మన ఊళ్లలో మొదట గ్యాస్ అంటారు. సోడా తాగిస్తారు, ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయిస్తారు. తర్వాత ఈసీజీ, టూడీ ఎకో, రెండూ నార్మల్. ‘ఏమీ లేదు, టెన్షన్ అంతే’ అని పంపేస్తారు. ఏమీ లేదంటే ఎలా? ఆ మనిషి అనుభవించింది నిజమే, దాన్నే పానిక్ అటాక్ అంటారు.

మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం దీన్ని పానిక్ అని మనంతట మనం తేల్చుకోకూడదు. ముఖ్యంగా నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు ఉంటే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. గుండె బాగానే ఉందని డాక్టరు చూసి చెప్పాకే కిందిదంతా.

పక్కనున్నవాళ్లు ‘గట్టిగా ఊపిరి పీల్చు, ఇంకా గట్టిగా’ అంటుంటారు. ఆ మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తున్నాడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పడిపోతోంది. వేళ్లలో తిమ్మిరి, పెదాల మొద్దు, కళ్లు తిరగడం చాలావరకు దాని వల్లే. ఇంకా పీల్చమంటే అవి ఇంకా పెరుగుతాయి. నోరు మూసుకుని ముక్కుతో కొద్దిగా పీల్చి, తీసుకున్నదానికన్నా వదలడం నిదానంగా చేయమనండి. కడుపు మీద చెయ్యి పెట్టుకుంటే వేగం తగ్గుతుంది. అంతే, అంతకుమించి ఊపిరితో కుస్తీ వద్దు.

1986లో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ చక్రాన్ని వివరించాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఎండలో నడవడం వల్లో, కాఫీ వల్లో. ‘ఇది గుండెపోటే’ అని మనసు అర్థం చెప్పుకుంటుంది. ఆ భయానికి అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె ఇంకా వేగం పుంజుకుంటుంది. చూశావా, నిజమే అనుకుంటాం. ఈ గొలుసులో తెంచగలిగింది మధ్యలో ఉన్న ఆ అర్థాన్ని. ఆస్ట్రేలియా డాక్టరు క్లెయిర్ వీక్స్ అంతకు చాలా ముందే, 1962లో వేసిన పుస్తకంలో, ఇలాంటివాళ్లకు పోరాడొద్దనే చెప్పింది. ఎదురుగా నిలబడండి, ఒప్పుకోండి, దాని మీద తేలిపోండి, కాలాన్ని గడవనివ్వండి, ఇదీ ఆమె పద్ధతి. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది. మనం ఏమీ చేయకపోయినా దిగుతుంది. ‘పడిపోతానేమో’ అని భయపడేవాళ్లకు ఒక సంగతి. కళ్లు తిరిగి పడిపోవడానికి ఎక్కువగా కారణం బీపీ పడిపోవడం. పానిక్‌లో బీపీ పెరుగుతుంది. అందుకే అందులో పడిపోయేవాళ్లు అరుదు.

ఇక మెట్ల సంగతి. డాక్టరు సరేనన్నాక, పానిక్ లేని పూటే, గబగబా రెండు అంతస్తులు ఎక్కి గుండెను దడదడలాడించుకోండి. తిరిగే కుర్చీలో కూర్చుని కళ్లు తిరిగేదాకా తిరగండి. ఆ దడను, ఆ తిరుగుడును అలాగే ఉండనిచ్చి, అది తనంతట తానే తగ్గడం గమనించండి. వారంలో నాలుగైదుసార్లు ఇలా చేస్తే దడకూ చావుకూ మనసు వేసిన ముడి వదులవుతుంది. కౌన్సెలర్ పక్కనుండి చేయిస్తే ఇంకా మంచిది.

భయం తగ్గాక వెళ్దామనుకోకండి

ఒకసారి మెట్రోలో గాబరా పుట్టిన మనిషి మర్నాడు ఆటో ఎక్కుతుంది. నెలకు లిఫ్టు మానేస్తుంది. మూడు నెలలకు పెళ్లిళ్లకు వెళ్లదు, వెళ్లినా వెనక వరసలో, గుమ్మం పక్కన కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు ‘నీకు బావున్నప్పుడే వెళ్దువుగాని’ అంటారు. పరిగెత్తితే వీధికుక్క వెంటపడ్డట్టే, తప్పించుకున్నకొద్దీ భయం ఇంటి గడప దాకా వస్తుంది.

భయంతోనే వెళ్లాలి. కాకపోతే మెట్టు మెట్టుగా. మొదటి వారం అమీర్‌పేట స్టేషనుకు వెళ్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి నాలుగు రైళ్లు పోనివ్వండి. తర్వాత ఒక్క స్టేషను, ఎస్ఆర్ నగర్ దాకా. అది పేలవంగా అనిపించేదాకా మళ్లీ మళ్లీ అదే. తర్వాత ఎర్రగడ్డ, తర్వాత కూకట్‌పల్లి, తర్వాత సాయంత్రం రద్దీలో మియాపూర్. మొదట చెల్లెలో స్నేహితురాలో తోడు రావచ్చు, తర్వాత పక్క బోగీలో, తర్వాత ఒంటరిగా. భయం ఎక్కువైన చోట దిగిపోవద్దు. అక్కడ దిగితే, దిగడం వల్లే బతికానని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. బ్యాగులో నీళ్ల సీసా, మాత్రల షీటు, చెవిలో పాట, వీటి సాయంతో మొదలెట్టినా, ఒక్కొక్కటీ ఇంట్లో వదిలేసి వెళ్లే రోజు రావాలి.

పరీక్ష భయానికి ఒక్క మాట. ఎంట్రన్స్ పరీక్ష హాలు బయట పిల్లల్ని ‘ప్రశాంతంగా ఉండు’ అని పంపిస్తారు. పరుగు మీదున్న ఒంటిని ఒక్క మాటతో ప్రశాంతం చేయడం ఎవరివల్లా కాదు. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు పాట పాడేవాళ్ల మీద, ఉపన్యాసం ఇచ్చేవాళ్ల మీద, లెక్కల పరీక్ష రాసేవాళ్ల మీద చూసింది. ‘ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవాళ్లకన్నా ‘ఉత్సాహంగా ఉన్నాను’ అనుకున్నవాళ్లే బాగా చేశారు. దడ రెండిటిలోనూ ఉంటుంది కాబట్టి ఆ మార్పు తేలిక. పిల్లలకు ‘దడగా ఉందా? మంచిదే, ఒళ్లు సిద్ధంగా ఉంది’ అనండి.

కానీ తెల్లవారుజామున లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్ అని కూర్చోబెట్టి, వారం వారం ర్యాంకులు గోడకు అంటించే హాస్టల్లో పిల్లకు గాబరా వస్తే, ఆ పిల్లకు ఊపిరి వ్యాయామం నేర్పడం అన్యాయం. ఆ పిల్లను అక్కడి నుంచి తీసుకురావాలి. లోన్ యాప్‌వాళ్లు బంధువులకు ఫోన్లు చేసి బెదిరిస్తున్న మనిషికీ అంతే. అతనికి కావలసింది సైబర్ క్రైమ్ నంబరు 1930, అప్పుల లెక్క సరిచూసే ఒక మనిషి. నిజంగా నెత్తి మీద కత్తి ఉన్నవాళ్లకు చిట్కాలు చెప్పకూడదు.

నిద్ర కోసం ప్రయత్నించకండి

పదింటికే మంచమెక్కి, లైటు తీసి, ఎలాగైనా నిద్రపోవాలని కళ్లు గట్టిగా మూసుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ప్రయత్నిస్తే రానిది నిద్ర. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో చెప్పిన పద్ధతిని ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో వాడుతున్నారు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడుకోండి. సుమారు ఇరవై నిమిషాలు గడిచినా రాలేదనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లండి. గడియారం చూడొద్దు, దాన్ని గోడవైపు తిప్పేయండి. మసక వెలుగులో ఉతికిన బట్టలు మడతపెట్టండి, పాత వారపత్రిక తిరగేయండి. ఫోన్ వద్దు. ఒకే గది ఉన్న ఇంట్లో మంచం దిగి చాప మీద కూర్చున్నా చాలు. కళ్లు వాలితేనే మళ్లీ మంచం. రాత్రిలో ఎన్నిసార్లయినా ఇంతే. పొద్దున మాత్రం ఎంత తక్కువ పడుకున్నా రోజూ ఒకే టైముకు లేవాలి. మధ్యాహ్నం కునుకు తీయొద్దు. మంచం అంటే మేలుకుని బాధపడే చోటు అని ఒంటికి పడిన అలవాటు ఇలాగే పోతుంది. మూర్ఛ, మనసు మరీ ఉద్వేగపడే బైపోలార్ లాంటి జబ్బులున్నవాళ్లు, నిద్ర తగ్గితే ప్రమాదం కాబట్టి, డాక్టరును అడక్కుండా ఇది చేయొద్దు.

ఇంకో తలకిందుల చిట్కా ఉంది. వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ నిద్ర రానివాళ్లను మెలకువగా ఉండటానికి ప్రయత్నించమనేవాడు. చీకట్లో వెల్లకిలా పడుకుని, కళ్లు తెరుచుకుని, ‘ఇంకో ఐదు నిమిషాలు నిద్రపోను’ అనుకోండి. నిద్ర రాలేదన్న కంగారు పోయిన చోట నిద్రకు దారి దొరుకుతుంది.

సాయంత్రం ఆరింటికి తాగిన ఫిల్టర్ కాఫీలో కెఫీన్ దాదాపు సగం రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ, టీ ఆపేసి రెండు వారాలు చూడండి.

వెంటనే పనిచేసే మాత్ర అడగకండి

అల్‌ప్రజొలామ్ వేసుకుంటే గంటలోపే హాయిగా ఉంటుంది. కొడుకు మెసేజి చేసే పనే అదీ చేస్తుంది, ఇంకా బలంగా. వారాలు గడిచేసరికి ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, అది లేకపోతే భయం రెట్టింపవుతుంది. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ మందూ ఒకటి. ఆ కల్లు దొరకడం ఆగిపోయినప్పుడు జనం వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి ఆసుపత్రులకు చేరడం అక్కడి డాక్టర్లకు కొత్త కాదు. అందుకే, ఇప్పటికే నెలల తరబడి వేసుకుంటున్నవాళ్లు ఈ వ్యాసం చదివి రేపే మానేయొద్దు. డాక్టరు చేత కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మందులు వేరు. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం గాబరా కాస్త పెరగొచ్చు కూడా. అక్కడే చాలామంది ‘ఈ మందు నాకు పడలేదు’ అని ఆపేస్తారు. డాక్టరుకి ఫోన్ చేసి అడగండి, మీ అంతట మీరు ఆపకండి. చికిత్స మొదలుపెట్టే ముందు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నా ఇదే దడ, ఇదే వణుకు, ఇదే నిద్రలేమి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక ఆసుపత్రి పేరు చెబితే జనం ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. అక్కడ ఓపీలో కూర్చున్నవాళ్లలో దిగులుతో, నిద్రలేమితో వచ్చినవాళ్లు ఎంతోమంది. ఆ మొహం చిట్లింపు వల్ల ఎన్ని ఇళ్లలో ఎన్నేళ్ల బాధ ఇంటి గోడల మధ్యే ఉండిపోతోందో తలుచుకుంటే నాకు కోపమొస్తుంది.

వీటన్నిటినీ ఒకేసారి మొదలెట్టకండి. ఈ వారం నిద్ర పద్ధతి, వచ్చే వారం నోటుబుక్కు, అవి కుదురుకున్నాక మెట్రో. ఇంట్లోవాళ్లతో ఒప్పందం మాత్రం ఈ ఆదివారమే చేసుకోండి, మొదటి పది రోజులు మీకు వాళ్ల సాయం కావాలి. ఆ పది రోజుల్లో దిగులు తగ్గకపోగా పెరుగుతుంది. రాత్రులు ఇంకా తక్కువ పడుకుంటారు, పగలు ఆవలిస్తారు, ‘ఇంతకుముందే నయం’ అనిపిస్తుంది. పద్ధతి పట్టుబడుతున్నప్పుడు అలాగే ఉంటుంది. పదకొండో రోజు కూడా అదే నోటుబుక్కు తీసుకుని, ఆరున్నరకు అదే కుర్చీలో కూర్చోండి. నెల దాటినా ఏ తేడా లేకపోతే ఆ నోటుబుక్కునే పట్టుకుని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. మొదటిసారి కలిసినప్పుడు ఆయన అడిగే ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే ఉంటాయి.